మా తమ్ముడు ఎంచిన గిన్నె

మా మెనొనైట్ల చర్చిలో గొప్పలు చెప్పుకోవడం పాపం. చిన్నప్పటినుంచీ అదే నూరిపోశారు. కానీ నేను చెప్పబోయేవి నా గొప్పలు కావు, మా తమ్ముడివి. వాడు బతికుండగా ఒక్కటీ చెప్పుకోలేదు. నాకా ఎనభై ఏళ్ళు ఎప్పుడో దాటాయి. నేనూ నోరు మూసుకుని పోతే, కొట్టువాడి సొంత పేరున్న సరుకుకి మా ఒంటారియోలో మర్యాద తెచ్చిన మనిషి వీబే కార్నర్స్‌లో, పీచ్ తోటల మధ్య, కప్పు కారే ఇంట్లో పుట్టాడని ఎవరు చెబుతారు?

వాడి పేరు కొర్నేలియస్ ఎన్స్. టొరంటోలో వాడి గది తలుపు మీద "కె. ఎన్స్, ఉపాధ్యక్షుడు" అని ఇత్తడి అక్షరాలుండేవి. నేను నా కళ్ళతో చూశాను, చేత్తో తడిమాను కూడా. మాకు మాత్రం వాడు కోర్నీ.

మా నాన్న రష్యానుంచి వచ్చి ఈ సరస్సు ఒడ్డు ఇసుక నేలలో పీచ్ చెట్లు వేశాడు. ఆయన్ని చూసి ఊరంతా వేసింది. అవి చేత్తో పట్టుకుని కొరుక్కుతినే రకం కాదు. కండ టెంకని వదలదు. పచ్చిగా తింటే నమిలి నమిలి దవడ నొప్పి పుడుతుంది. కానీ ఉడికించి, పాకంలో వేసి డబ్బాకెత్తితే ముక్క చెదరదు, రంగు పోదు. అంచేత వాటిని కొనేవాడు ఒక్కడే, మా ఊరి చివర పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ ఉంటే అవి పంట. లేకపోతే పొయ్యిలోకి కట్టెలు. ఈ సంగతి మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

నేను మా ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ ఫ్యాక్టరీలోనే టెంకలు తీసే వరసలో చేరాను. కోర్నీ కూడా అదే బడిలో అంతే చదివాడు. ఆ చదువుతోనే ఉపాధ్యక్షుడయ్యాడు మరి. తోటపని వాడికి పడలేదు. పీచ్ కాయల నూగు తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు. అందుకని పక్క పట్నంలో బ్రైర్లీ వాళ్ళ సూపర్‌మార్కెట్‌లో సరుకు సర్దే పనికి కుదిరాడు.

ఆ రోజుల్లో కొట్టు సొంత సరుకంటే పసుపు కాగితం చుట్టిన డబ్బా. లోపల రాళ్ళలాంటి బఠానీలు, నీళ్ళలాంటి సూపు. ధర తక్కువ, అంతే. ఒక ఆదివారం మధ్యాహ్నం, బన్నులూ జామూ కాఫీ పెట్టుకుని అందరం కూర్చున్నప్పుడు కోర్నీ మొదలుపెట్టాడు.

"అమ్మా, మా కొట్లో ఆ పసుపు డబ్బాలు ఎవరు కొంటారో చెప్పుకో చూద్దాం."

"నాకెందుకురా ఆ గొడవ?"

"పాస్టరుగారి భార్య. డబ్బాలు ట్రాలీ అడుగున పెట్టి పైన క్యాబేజీ కప్పుతుంది. బిల్లు దగ్గర వెనకాల ఎవరైనా నిలబడితే, మీరు ముందు కానివ్వండి అంటుంది."

అమ్మ చెంచాతో వాడి వేళ్ళమీద ఒక్కటిచ్చింది. "నోరు మూసుకో. ఆయన జీతంతో ఆరుగురు పిల్లల్ని సాకుతోందావిడ. నీలాంటి వాగుడుకాయ కొట్లో ఉంటే దాచుకోక ఏం చేస్తుంది?"

"నేననేదీ అదేగా! తక్కువ ధర సరుకు కొన్నందుకు ఆవిడెందుకు దాక్కోవాలి? దాక్కోవాల్సింది అది చేసినవాడు."

నాన్న బన్ను విరుస్తూ, "అయితే నువ్వు చేసి చూపించు," అన్నాడు. ఆయన మాటవరసకన్నాడు. వాడు నిజంగా చేశాడు.

కొట్టు మేనేజరయ్యాడు. తర్వాత కొనుగోళ్ళ విభాగానికి, ఆ తర్వాత టొరంటో హెడ్డాఫీసుకి వెళ్ళాడు. అక్కడ ముసలి బ్రైర్లీగారిని ఒప్పించి మూడో అంతస్తులో ఒక వంటగది కట్టించాడు. ప్రతి గురువారం అందులో గిన్నెల పరీక్ష. ఆలివ్ అని ఒకావిడ, మహా గట్టి మనిషి, మామూలు కొట్లకి వెళ్ళి అరల మీదనుంచి డబ్బాలు కొనుక్కొచ్చేది. కంపెనీలు ప్రత్యేకంగా పంపిన సరుకు గుమ్మం దాటడానికి వీల్లేదు. ఆవిడ తలుపేసుకుని, అన్నిటినీ ఒకేలాంటి తెల్లగిన్నెల్లో పోసి, ఏది ఎవరిదో గిన్నె అడుగున చీటీ అంటించేది. అప్పుడు కోర్నీ, ఇంకో ఇద్దరూ లోపలికొచ్చి రుచి చూసేవారు. గిన్నెకి ఒక్క చెంచా. ఏది బాగుందో పైకి చెప్పాకే గిన్నె ఎత్తాలి. ఏది బాగుంటే అది చేసినవాడికి కొట్టు లేబుల్. మాట తేలకపోతే చివరి మాట కోర్నీది. పేరున్న కంపెనీని మించింది ఏదీ దొరక్కపోతే ఆ సరుకుకి లేబులే లేదు, మళ్ళీ ఏడాది చూసుకోవాలి.

ఆ లేబుల్ పేరు నీలిగిన్నె. దాని మీది బొమ్మ మా అమ్మ గిన్నెదే. ఆదివారాలు ఎండుపళ్ళ చల్లటి పాయసం పోసేదే, ఆ నీలం పూత గిన్నె. బొమ్మ గీసేవాడికి చూపిస్తానని కోర్నీ పట్టుకెళ్ళి తిరిగి తెచ్చేసరికి అంచుమీద పెచ్చు ఊడింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దేశమంతా నా గిన్నె పంచుతున్నావు, సంతోషమే. మరి ఈ ముక్క ఎవరికి పంచావు?" అంది.

వాడు నీలిగిన్నె పేరుతో తెచ్చినవన్నీ చెప్పాలంటే నాకు ఓపిక చాలదు. టమాటా సూపు వాడిదే. అల్లం బిస్కెట్లు వాడివే. కాఫీ పొడి, వేరుశెనగ వెన్న, ఆవపిండి వేసిన దోసకాయ ముక్కలు, చేతులు పగలని సబ్బు. బిస్కెట్ల కంపెనీ ఏజెంటు ఒకాయన, పెద్ద టోపీ, బంగారు పన్ను, వాడి గదిలోకొచ్చి, "మా అల్లం బిస్కెట్ ముందు మీదెంతండీ!" అని ఎగతాళి చేశాడట. కోర్నీ ఆయన్ని కూర్చోబెట్టి రెండు పళ్ళేలు తెప్పించాడు. ఆయన ఒకటి నమిలాడు, రెండోది నమిలాడు. "ఇదిగో, ఇదీ మాది! నా సొంత సరుకు నాకు తెలీదా?" అని ఎడంవైపు పళ్ళెం చూపించాడు. ఆలివ్ చీటీ తీసి చదివింది. నీలిగిన్నె. ఆయన వెళ్తూ వెళ్తూ టోపీ మర్చిపోయాడు. కోర్నీ ఆ టోపీని పోస్టులో పంపించాడు, లోపల ఒక బిస్కెట్ పొట్లం పెట్టి.

సరుకు నచ్చకపోతే ఖాళీ డబ్బా అయినా తెచ్చివ్వండి, డబ్బు తిరిగిస్తాం అని బోర్డు పెట్టించిందీ వాడే. ఒకావిడ సూపు డబ్బా తెచ్చింది, కడిగినట్టుంది లోపలంతా.

"నచ్చలేదామ్మా?" అనడిగాడు కోర్నీ.

"నాకు భలే నచ్చింది బాబూ. మా ఆయనకి మిగల్లేదు, అది ఆయనకి నచ్చలేదు."

ఆవిడకి ఇంకో డబ్బా ఇచ్చి పంపాడు. మా పాస్టరుగారి భార్య ముసలితనంలో ట్రాలీకి పైన, అందరికీ కనబడేలా నీలిగిన్నె డబ్బాలు పేర్చుకుని నాకెదురొచ్చింది. "ఏం అగాథా, బాగున్నావా?" అని కొట్టంతా వినబడేలా పలకరించింది. అదే రోజు ఇంటికొచ్చి ఈ సంగతి కోర్నీకి ఫోన్లో చెప్పాను. "పైనే పెట్టిందా?" అని వాడు రెండుసార్లు అడిగాడు.

ఇక మా పీచ్ పళ్ళ సంగతి. నీలిగిన్నెలో పీచ్ ముక్కలు తేవాలని మొదటిసారి పరీక్ష పెట్టినప్పుడు మా ఊరి డబ్బా మూడోస్థానంలో నిలిచింది. ఎంచినవాడు మా తమ్ముడే. ఆ ఆదివారం వాడు తనే ఫ్యాక్టరీకి వచ్చి మేనేజరు ఏబ్ రెంపెల్‌కి ఎదురుగా నిలబడ్డాడు.

"ఒరేయ్ కోర్నీ, మీ అక్క చేత్తో కోసిన పళ్ళురా అవి!" అన్నాడు ఏబ్.

"కోత బాగుంది ఏబన్నా. ఉడకబెట్టడమే బాగాలేదు. టెంక పక్కన గట్టిగా ఉండిపోయింది."

ఏబ్ మొహం మాడ్చుకున్నాడు, కానీ ఆవిరి సరిచేశాడు. పాకం పల్చన చేశాడు. మరో రెండేళ్ళకి మా డబ్బా గెలిచింది. ఆ గెలుపుకి ఊరంతా ఎందుకు పొంగిపోయిందంటే, కోర్నీ మనవాడని ఇవ్వలేదు, బాగుందని ఇచ్చాడు. ఆ మాట మావాళ్ళు పక్కూళ్ళ పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకున్నారు. ముక్క ఎంత గట్టిగా ఉండాలి, పాకం ఎంత పల్చగా ఉండాలి, టెంక దగ్గర ఎంత పులుపు మిగలాలి, అన్నిటికీ కోర్నీ కొలతలు రాయించాడు. మా ఊరి రుచే నీలిగిన్నె కొలత అయింది. ఫ్యాక్టరీ వేరే కంపెనీలకి ప్యాక్ చేయడం మానేసి, అంతా నీలిగిన్నెకే చేసింది. ఆపిల్ చెట్లున్నవాళ్ళు అవి కొట్టేసి పీచ్ వేశారు. మా పక్క తోట పీటర్ డిక్ అప్పటిదాకా ఉన్న ఆవుల్ని అమ్మేసి ఆ పచ్చికలో కూడా చెట్లు పెట్టాడు. ఆ లేబుల్ మీదే ఊళ్ళో పిల్లలు పెరిగారు, చర్చికి కొత్త కప్పు పడింది.

ముసలి బ్రైర్లీగారు పోయాక కొడుకు కొట్లన్నీ ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. కొత్త అధ్యక్షుడు చాలా మర్యాదస్థుడు. సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీ ఇంకా చవగ్గా పీచ్ డబ్బాలిస్తానంటోందని, కోర్నీ రాయించిన కొలతల ప్రకారమే చేస్తుందని చెప్పాడు. "మీ మాట కాదని నేనేమీ చేయను ఎన్స్ గారూ. మీ నియమమే పెడదాం. ఈ ఏటి సరుకు రెండూ అరల మీదికి రాగానే మీ గిన్నెలు పెట్టండి. ఏది గెలిస్తే దానికి లేబుల్," అన్నాడు. తన నియమాన్ని తనే వద్దంటాడా? సరేనన్నాడు.

ఆ వేసవి మొదట్లో నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, పరీక్ష అయ్యేదాకా నేను ఊరికి రాను."

"ఆదివారాలు కూడానా? నేనేం తప్పు చేశాన్రా?"

"నువ్వు కాదు. అక్కడ ఎవర్ని కలిసినా పీచ్ కబుర్లే. వాళ్ళేం చేస్తున్నారో నాకు తెలియకూడదు. నువ్వూ చెప్పొద్దు. ఒక్క మాట కూడా. మాటివ్వు."

"వర్షాలు పడ్డాయని చెప్పొచ్చా?"

"అదీ వద్దక్కా," అన్నాడు. నవ్వలేదు. నేను మాటిచ్చాను.

ఇక్కడ చర్చి కింది గదిలో ఊరంతా చేరింది. ఏబ్ రెంపెల్ బల్లమీద చెయ్యివేసి నిలబడ్డాడు. అప్పటికి మనిషి బాగా వంగిపోయాడు.

"ఈ ఏడు మనం జన్మలో చేయని సరుకు చేద్దాం. పండు చెట్టుమీదే బాగా పండనిద్దాం. ముక్క నోట్లో వేస్తే కరగాలి. పాకం చిక్కబెడదాం. యంత్రం తొక్క తీయొద్దు, చేత్తో తీద్దాం. మానేసిన ఆడవాళ్ళందరూ మళ్ళీ వరసలోకి రండి."

"పాకం చిక్కబెట్టడమా!" పీటర్ డిక్ లేచాడు. "నువ్వు కాఫీలో పంచదార వేయడానికే చెయ్యి వణికే మనిషివి ఏబ్. నీకేమైనా జ్వరమా?"

అందరూ నవ్వారు. నేను మాత్రం అడిగాను. "పాకం మారిస్తే, ముక్క మెత్తబడితే, అది నీలిగిన్నె పీచేనా?"

"మంచిది మంచిదే కదా అగాథా," అన్నాడు ఏబ్. "ఆ గదిలో మనవాడు పేరు చూడడు, ఊరు చూడడు. ఏది బాగుంటే దాన్నే ఎత్తుతాడు. అది మనకి ముప్పయ్యేళ్ళుగా తెలుసు. అంచేత బాగా చేయడం ఒక్కటే మన పని."

ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పడానికేముంది? ఆ ఏటి పళ్ళలాంటివి నేను పుట్టి చూడలేదు. మా చేతులు కాయలు కాచాయి, వేళ్ళ సందులు పుళ్ళు పడ్డాయి. వరస చివర రుచి చూస్తే నోట్లో తేనె. మేం చేసిన వాటిల్లోకెల్లా గొప్పది అదే. దేవుడి ముందు కూడా ఆ మాట చెబుతాను.

పరీక్ష సంగతి ఆలివ్ నాకు తర్వాత చెప్పింది. రెండు గిన్నెలు. మిగతా ఇద్దరిలో ఒకరు మొదటిదన్నారు, ఒకరు రెండోదన్నారు. ఇక కోర్నీ మాటే మిగిలింది. ఎప్పుడూ ఒక్క చెంచాతో తేల్చేవాడు, ఆ రోజు మొదటిది తిన్నాడు, రెండోది తిన్నాడు, మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది. కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు చిన్నగా నవ్వాడట. "అంతకాలం ఆయనతో పనిచేశాను, ఆ గదిలో ఆయన నవ్వడం అదే మొదటిసారి చూడటం," అంది ఆలివ్.

"రెండోది," అన్నాడు.

ఆలివ్ గిన్నె ఎత్తి చీటీ చదివింది. సముద్రం అవతలిది.

"మళ్ళీ చూడు," అన్నాడు కోర్నీ. ఆవిడ మొదటి గిన్నె కూడా తిప్పి చూపించింది. దాని అడుగున వీబే కార్నర్స్ అని ఉంది. వాడి మొహం చూసి ఆలివ్ మెల్లిగా, "మళ్ళీ పెడదామా సార్?" అంది.

"ఏమని చెప్పి పెడతాం ఆలివ్?" అని కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తనే కారు నడుపుకుంటూ ఊరికొచ్చాడు. ఎవరిచేతా కబురు పంపలేదు. చర్చి కింది గదిలో అందరి ముందూ నిలబడి చెప్పేశాడు.

"మీ నాన్న చెట్లు కూడా ఉన్నాయిరా అందులో," అన్నాడు పీటర్ డిక్.

"తెలుసు పీటర్."

"తెలుసట! నా చిన్నప్పుడు బడిలో వీడు నా పెన్సిలు దొంగిలిస్తే, దేవుడు చూస్తాడని తిరిగి తెచ్చిచ్చాడు. ఈసారి దేవుడెక్కడికి పోయాడ్రా?"

ఏబ్ చెయ్యెత్తి పీటర్‌ని ఆపాడు. "ఉండు. కోర్నీ, మొదటిసారి నువ్వు లోపం చెప్పావు, ఉడకబెట్టడం బాగాలేదన్నావు. మేం దిద్దుకున్నాం. ఇప్పుడూ చెప్పు. ఏం లోపం?"

మా తమ్ముడు, "ఏ లోపమూ లేదు ఏబన్నా," అన్నాడు.

"లోపం లేకుండా ఎలా ఓడాం?"

నేను వాణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోశాను. వాడు తాగలేదు. కప్పు వంకే చూస్తూ అన్నాడు.

"నేను మనదే ఎంచానక్కా."

"ఏమిట్రా నువ్వనేది?"

"ముప్పయ్యేళ్ళలో మొదటిసారి. ఏది బాగుందని చూడలేదు. ఏది మనదని చూశాను. మన ముక్క గట్టిగా ఉంటుంది, పాకం పల్చగా ఉంటుంది, టెంక పక్కన ఆ పులుపు. రెండో గిన్నెలో అదంతా ఉంది. ఒట్టు పెట్టుకుని చెప్పగలను, అది మనదే. ఆలివ్ గిన్నెలు తారుమారు చేసిందేమో అనుకున్నాను, కానీ తను అలాంటిది కాదు."

సెల్లార్లోకి దిగి ఆ ఏటి డబ్బా ఒకటి తెచ్చాను. మూత తీసి, అమ్మ నీలిగిన్నెలో పోసి, వాడి ముందు పెట్టి చెంచా ఇచ్చాను. వాడు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"ఇది ఎక్కడిది?"

"మనదేరా. ఈ ఏడు పాకం చిక్కబెట్టాం. పళ్ళు బాగా పండనిచ్చాం. చేత్తో తొక్క తీశాం. నువ్వు చెప్పొద్దన్నావు."

"ఇది మొదటి గిన్నె," అన్నాడు. చెంచా బల్లమీద పెట్టేశాడు. "మొదటి చెంచాకే తెలిసిందక్కా, ఇదే గొప్పగా ఉందని. ఇంత బాగుంది కాబట్టి మనది కాదనుకున్నాను." గిన్నె పక్కకి జరిపి, "ఆ టోపీవాడిలాగే," అన్నాడు.

సముద్రం అవతలివాళ్ళు తప్పేం చేయలేదు. వాడు రాయించిన కొలతలు చూసి, మా పాత రుచిని అచ్చుగుద్దినట్టు దించారు. మేం ఆ రుచిని వదిలేసి ఇంకా పైకెళ్ళాం. వాడు ఎప్పటిలాగా ఎంచి ఉంటే మేమే గెలిచేవాళ్ళం. మేం ఎప్పటిలాగా చేసి ఉన్నా వాడు మమ్మల్ని పట్టుకునేవాడేమో.

కోర్నీ లేచి ఏబ్ ఇంటికి నడిచాడు. వద్దన్నాను, వినలేదు. ఏబ్ అంతా విని, మెట్లమీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడట. "అయితే మేం బద్ధకించి ఉంటే బాగుపడేవాళ్ళమా?" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "వెళ్ళి మీ పెద్దాయనకి చెప్పు కోర్నీ. ఆ అధ్యక్షుడికి. మళ్ళీ పెట్టమను," అని బతిమాలాడు.

కోర్నీ వెళ్ళాడు. పరీక్షలో తను పక్షపాతం చూపించాననీ, ఆ ఫలితం చెల్లదనీ, తన ఉద్యోగం పోయినా సరే మళ్ళీ గిన్నెలు పెట్టాలనీ చెప్పాడు. వాడి జీవితంలో చెప్పిన మాటలన్నిటిలోకీ కష్టమైంది అదే. ఆ అధ్యక్షుడు కోపపడలేదు.

"మీరు మీ ఊరికే ఇద్దామని చూసి, వాళ్ళ సరుకుని మీ సరుకే అనుకున్నారు. అంటే రెండింటికీ తేడా లేదని మీరే రుజువు చేశారు కదా ఎన్స్ గారూ. తేడా లేనప్పుడు చవకది తీసుకోవడం న్యాయం కాదా?" అన్నాడు. ఆపైన మెత్తగా ఇంకోటన్నాడు. "ఈ సంగతి బయట అనకండి. ఒక్కసారి పక్షపాతం చూపించారని తెలిస్తే, అన్ని డబ్బాల మీదా జనం అదే అనుమానపడతారు. మీరు కట్టిందే కూలిపోతుంది."

సంతకాలు అప్పటికే అయిపోయాయి. మరుసటి ఏడు కోర్నీని విశ్రాంతి తీసుకోమన్నారు. పెద్ద విందు చేశారు, నన్నూ పిలిచారు. వాడు తెచ్చిన సరుకులన్నీ ఒక్కొక్కటే చదువుతుంటే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అంత గౌరవం మా ఊళ్ళో ఇంకెవరికీ జరగలేదు. నీలం గాజుతో చేసిన గిన్నె ఒకటి బహూకరించారు. వాడు దాన్ని దారిలోనే నా ఒళ్ళో పెట్టేశాడు. నేను అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటున్నాను.

ఆ వసంతంలో చెట్లు పీకారు. మొదళ్ళకి గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగితే, పూతతో సహా వచ్చేశాయి. కుప్పలు పెట్టి తగలబెడితే పొగ చర్చిలోకి కూడా వచ్చి, పాస్టరు ప్రార్థన మధ్యలో దగ్గారు. మా నాన్న చెట్ల దగ్గర కోర్నీ నిలబడ్డాడు, చేతులకి దద్దుర్లు లేచినా కదల్లేదు. నూగు ఉండే కాలం కాదది. మరి ఎందుకు లేచాయో. ఫ్యాక్టరీ యంత్రాలు పాత ఇనుము కింద పోయాయి. ఏబ్ ఆ చలికాలం దాటలేదు. పీటర్ డిక్ తోట అమ్ముకున్నాడు, ఆ డబ్బూ బ్యాంకు అప్పుకే పోయింది. ఆఖరికి పట్నంలో బ్రైర్లీ కొట్టు ముందు ట్రాలీలు పోగుచేసే పనికి కుదిరాడు. కోర్నీ ఆ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. ఏ కొట్టుకీ వెళ్ళేవాడు కాదు. నేను వండింది పెడితే తినేవాడు, ఎలా ఉందంటే తల ఊపేవాడు. రుచి చెప్పమని నేనూ అడగడం మానేశాను.

పోయిన శరదృతువులో వాణ్ణి మా చర్చి వెనక పూడ్చిపెట్టాం. రాయి మీద పేరు, తేదీలు, అంతే. మావాళ్ళ రాళ్ళ మీద ఉపాధ్యక్షుడని రాయరు. తర్వాత కింది గదిలో భోజనాలు. బన్నులు, చీజు, కాఫీ. ఈ కాలపు పిల్లలెవరో పీచ్ ముక్కలు కూడా తెచ్చి పెద్ద గిన్నెలో పోశారు. ఖాళీ డబ్బాలు చెత్తబుట్టలో ఉన్నాయి. నీలిగిన్నె బొమ్మ, అంచుమీద పెచ్చు ఊడలేదు.

పీటర్ డిక్ నా పక్కనే కూర్చున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి కూడా ఒక ముక్క తీసుకున్నాడు. నమిలాడు. గట్టిగా ఉంది, పాకం పల్చగా ఉంది, టెంక పక్కన పులుపు.

"మనవే కదూ ఇవి?" అన్నాడు. ఈమధ్య వాడికి మతిమరుపు వచ్చింది.

"అవును పీటర్," అన్నాను.

ఇంకో నాలుగు ముక్కలు వేసుకున్నాడు.